అమ్మ మంచానికి ఆడిటు

పెళ్ళిచూపులకి వెళ్ళినవాళ్ళు పిల్లని ఎన్ని ప్రశ్నలు వేస్తారో మీకు తెలియంది కాదు. కోడెదూడని కొనబోయే రైతు పళ్ళు లెక్కపెడతాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి మరీ చూస్తాడు. సంతలో వంకాయ కొనే మా ఆవిడ ఒక్కొక్క కాయనీ తిప్పి తిప్పి, పుచ్చు వుందేమోనని వెలుతురుకి పట్టి చూస్తుంది. కాని మంచం పట్టిన తల్లికి నీళ్ళుపోసి, బట్ట మార్చి, అన్నం పెట్టే మనిషిని ఇంట్లోకి తెచ్చుకునేటప్పుడు మనం అడిగే ప్రశ్నలు రెండే రెండు. "నెలకెంత?" "రేపటినించీ రాగలదా?"

ఆ తరవాత చుట్టాలు ఫోన్ చేసి, "ఆయా ఎలా చూసుకుంటోంది?" అంటారు. "బాగానే చూసుకుంటోంది" అంటాం. ఆ "బాగానే" అన్న మూటలో సరుకెంతో, తాలెంతో ఎవరూ విప్పి చూడరు. నేను ముప్ఫైరెండేళ్ళు సహకార శాఖలో లెక్కలు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. ఎవరైనా "అంతా బాగానే వుందండీ" అన్నారంటే, నా చెయ్యి దానంతటదే కళ్ళజోడు కోసం జేబులోకి పోతుంది. ఏం చెయ్యను, అలవాటు!

మా అమ్మకి ఎనభైయారేళ్ళు. 2023లో, సంక్రాంతికి నాలుగురోజుల ముందు, పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను బాగానే జరిగింది. మనిషి మాత్రం మునుపటి మనిషి కాలేదు. మా ఆవిడకి మోకాళ్ళ నెప్పులు. నాకు నడుం వంగదు. మాది తెనాలి. బెజవాడలో ఆయాల్ని పంపించే బ్యూరో ఒకటుందంటే వాళ్ళకి ఫోన్ చేశాం. మర్నాడు పొద్దున్నకల్లా మనిషి వచ్చింది.

ఆ వచ్చినామె చేతిలో ఒక నోటుబుక్కు కూడా వుంది. దాన్ని బ్యూరోవాళ్ళే ఇచ్చారు. గడులు గీసి వున్నాయి. ఉదయం 7 గంటలకి స్నానం. 8 గంటలకి టిఫిను. 10 గంటలకి పక్క తిప్పాను. 12 గంటలకి పక్క తిప్పాను. అక్షరాలు ముత్యాల్లా వున్నాయి. చూసిన వాళ్ళంతా, "ఎంత పద్ధతో చూడండి!" అన్నారు. నాకు మాత్రం లోపల ఎక్కడో మెలిపెట్టింది. ఎరువుల డిపోలో గుమాస్తా రాసిన స్టాకు రిజిస్టరులో కొట్టివేత ఒక్కటి కూడా లేదంటే, గోడౌను తాళం తీయించి బస్తాలు లెక్కపెట్టాల్సిందే అని మా పై ఆఫీసరు చెపుతూండేవాడు. నిజంగా పని చేసేవాడి పుస్తకానికి సిరా మరకలుంటాయి. కొన్ని గడులు ఖాళీగా వుంటాయి. "ఇవాళ మామ్మగారు టిఫిను వద్దన్నారు" అని పక్కన గిలికి వుంటుంది.

మూడో రోజు పదకొండు గంటలకి ఆ పుస్తకం తెరిచాను. సాయంత్రం 4 గంటలకి పక్క తిప్పినట్టు అప్పుడే రాసి వుంది!

అంతటితో వూరుకోలేదు. స్టాకు చూశాను. రోజుకి నాలుగు డైపర్లు అవుతాయని ఆస్పత్రిలో అన్నారు. ఇక్కడ రెండే అవుతున్నాయి. "మీకు ఖర్చు కలిసొచ్చింది చూడండి బాబుగారూ" అంది ఆమె సంతోషంగా. ఖర్చు పెరిగితే అందరూ అడుగుతారు. ఎందుకు తగ్గిందని అడిగేవాడే ఆడిటరు. అమ్మ మంచం పక్కన మరచెంబులో నీళ్ళు పొద్దున పోసినవి పోసినట్టే వున్నాయి. అమ్మ నాలిక పొడిబారి గరుగ్గా వుంది. విషయం అర్థమైంది కదా? నీళ్ళు తగ్గిస్తే డైపరు తగ్గుతుంది, డైపరు తగ్గితే పని తగ్గుతుంది. పైకి చూస్తే పక్క పొడిగా, మడతనలగకుండా వుంటుంది. చూడవచ్చినవాళ్ళు "ఎంత శుభ్రంగా వుంచారో!" అంటారు. పొడిపక్క మంచి సేవకి గుర్తూ కావచ్చు, దాహానికి గుర్తూ కావచ్చు. పక్క ఒక్కటీ చూస్తే తెలీదు. చెంబుకూడా చూడాలి.

నెలకోసారి బ్యూరోనించి ఒక సూపర్వైజరు వచ్చేవాడు. వచ్చి కాఫీ తాగి, నోటుబుక్కు తిరగేసి, ప్రతి పేజీలోనూ సంతకం పెట్టి వెళ్ళేవాడు. అమ్మ పడుకున్న గది గుమ్మందాకా వెళ్ళడం నేను చూడలేదు. పుస్తకానికి ఆరోగ్యం బాగున్నట్టే లెక్క!

ఈ రంగంలో పెద్దలెవరైనా ఏదైనా చెప్పారా అని చదవడం మొదలుపెట్టాను. రిటైరైనవాడికి పనేముంది? అవేదిస్ డొనబేడియన్ అని ఒక డాక్టరు వున్నాడు. బీరూట్‌లో పుట్టి, అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. వైద్యం నాణ్యతని ఎలా కొలవాలో 1966లో ఒక వ్యాసం రాశాడు. ఆయన చెప్పింది మా సహకార సంఘాలకి కూడా చక్కగా సరిపోతుంది. మూడు సొరుగులు చూడమన్నాడు. మొదటిది, ఏముంది? అంటే మనిషి, శిక్షణ, మంచం, సామాను. రెండోది, ఏం చేస్తున్నారు? మూడోది, ఏమైంది? మనవాళ్ళు మొదటి సొరుగు తెరిచి ఆగిపోతారు. గాలిపరుపు కొన్నాం, వాకరు కొన్నాం, ఆయాని పెట్టాం, ఇంకేం కావాలి అంటారు. బ్యూరోవాళ్ళు రెండో సొరుగులో కాగితం పడేసి తాళం వేస్తారు. అమ్మ వొంటిమీద వుండేది మూడో సొరుగు. దాన్ని తెరవాలంటే దుప్పటి తియ్యాలి.

మంచంలో వున్న మనిషికి పడకపుండ్లు పడితే తప్పు సాధారణంగా జబ్బుది కాదు, సేవదేనని ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లోనే అభిప్రాయపడింది. అన్ని పుండ్లనీ ఆపలేమని ఈనాటి డాక్టర్లు ఒప్పుకుంటారు గాని, ఎక్కువ భాగం ఆపగలిగినవే అంటారు. బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు నర్సులు 1987లో దీనికొక మార్కుల పట్టీ కూడా అచ్చువేశారు. స్పర్శ తెలుస్తోందా, వొళ్ళు తడిగా వుంటోందా, మంచం దిగుతున్నారా, తమంతట తాము కదులుతున్నారా, తిండి ఎలా వుంది, పక్కమీద వొరుసుకుంటున్నారా అని ఆరు అంశాలు. 23 వస్తే మేలు. 6 వస్తే అపాయం. చదువుకున్న నర్సులు వేసే మార్కులవి. మనం వెయ్యక్కర్లేదు. ఎక్కడెక్కడ చూడాలో మాత్రం తెలిస్తే చాలు.

మా ఇంట్లో ఆ తనిఖీ ఇలా జరుగుతుంది. బుధవారం, ఆదివారం వొళ్ళు తుడిచే వేళకి మా ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపు వేస్తుంది. నేను గుమ్మం బయట కుర్చీ వేసుకుని, చీటీ చూస్తూ ఒక్కొక్కటే చదువుతాను.

"మడమలు?"

"బాగున్నాయి."

"నడుం కింది ఎముక?"

"బాగుంది."

"తుంటి రెండు పక్కలా?"

"కుడివేపు కాస్త రంగు మారింది."

"వేలితో నొక్కి వదులు. మళ్ళీ రంగు తిరిగిందా?"

"తిరిగింది."

"రెక్కలు? తలవెనక? చెవులు?"

లోపలినించి అమ్మ గొంతు వినిపిస్తుంది. "నా వొళ్ళేమన్నా పంచాయితీ ఆఫీసనుకున్నాడా వీడు!"

నవ్వులాటకి చెప్పినా, ఆ వేలితో నొక్కే పరీక్ష మాత్రం ప్రతి ఇంట్లోనూ తెలిసివుండాలి. ఎర్రబడ్డచోట నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ రంగు వస్తే, రక్తం ఆడుతోందన్నమాట. అటు వొత్తిడి తీసేస్తే సర్దుకుంటుంది. నొక్కినా రంగు మారకపోతే, చర్మం చెక్కుచెదరనట్టు కనపడినా లోపల దెబ్బతిన్నదన్నమాటే. డాక్టరుకి చూపించాలి. మనవాళ్ళ చామనఛాయ వొళ్ళమీద ఎరుపు సరిగ్గా కనపడదు. అందుచేత చుట్టుపక్కల చర్మంకన్నా వెచ్చగా వుందా, గట్టిపడిందా, మెత్తబడిందా అని చేత్తో తడిమి చూడాలి. ఇంకొక మాట. అలా రంగు మారినచోట నూనె రాసి గట్టిగా మర్దించడం మన ఆడవాళ్ళకి అలవాటు. చెయ్యకూడదు. నలిగిన చర్మం ఇంకా నలుగుతుంది.

వొళ్ళు తుడవడంలోనే మనిషి పనితనమంతా తెలిసిపోతుంది. నీళ్ళ వేడి తన మోచేత్తో చూసుకుందా? మొహం ముందు, కింది భాగం చివర తుడిచిందా? మధ్యలో నీళ్ళు మార్చిందా? ఒక చెయ్యి తుడుస్తున్నప్పుడు మిగతా వొంటిమీద దుప్పటి వుంచిందా? చంకలకింద, వేళ్ళసందుల్లో తడి లేకుండా అద్దిందా, లేక తడిమీదే పౌడరు చల్లి ముద్ద చేసిందా? తలుపు వేసిందా? ఈ చివరిది చాలా ఇళ్ళలో ఎవరికీ గుర్తు రాదు. ముసలివాళ్ళకి సిగ్గు వుండదని మనకో నమ్మకం. ఎనభయ్యేళ్ళు కొంగు సవరించుకుంటూ బతికిన మనిషికి తుంటి ఎముకతోపాటు సిగ్గు కూడా విరిగిపోతుందా?

మొదటామెని మార్చమన్నాం. రెండో ఆమె వచ్చింది. ఆమెని చూస్తే మా ఇల్లంతా మురిసిపోయింది. చురుకంటే చురుకు! ఏడింటికి స్నానం, ఏడున్నరకి టిఫిను, ఎనిమిదికల్లా అమ్మ నున్నగా తల దువ్వించుకుని, కడిగిన ముత్యంలా మంచంమీద వుండేది. ఇడ్లీ పది నిమిషాల్లో పెట్టేసేది. వొంటిమీద ఒక్క మచ్చ లేదు. నీళ్ళు సరిగ్గా తాగించేది. నా చీటీలో ప్రతిదానికీ ఎదురుగా టిక్కు పడింది.

రెండు నెలలు గడిచాయి. ఒకనాడు మధ్యాహ్నం ఆమె బజారుకి వెళ్ళినప్పుడు అమ్మకి మజ్జిగ గ్లాసు అందించాను. అమ్మ చెయ్యి చాపలేదు. నోరు తెరిచింది.

అంతకు రెండు నెలల క్రితం ఆ గ్లాసు తనే పట్టుకుని తాగేది. కాస్త వొలికేది, అంతే.

ఆ రాత్రి మళ్ళీ చదవడానికి కూచున్నాను. సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు క్లీవ్‌లాండ్‌లో మా అమ్మలాగే తుంటి ఎముకలు విరిగిన వృద్ధుల్ని గమనించి, 1963లో ఒక పట్టిక తయారుచేశాడు. స్నానం, బట్టలు కట్టుకోవడం, దొడ్డికి వెళ్ళడం, మంచంనించి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు అదుపులో వుండడం, తనంతట తాను తినడం. ఈ ఆరింటిలో ఎన్ని ఎవరి సాయం లేకుండా చేసుకుంటారో చూడడమే కొలత. పోయేటప్పుడు సాధారణంగా స్నానం ముందు పోతుందట, తినడం ఆఖరున పోతుందట. కోలుకునేటప్పుడు చంటిబిడ్డ నేర్చుకునే వరసలోనే తిరిగి వస్తాయట. అంటే చేతిముద్ద ఆఖరి కోట. ఆ కోట మా ఇంట్లో శత్రువులెవరూ ముట్టడించకుండానే, చురుకుదనం చేతిలో పడిపోతోంది!

ఆ రెండో ఆమెని తప్పుపట్టడానికి వీల్లేదు. బ్యూరోవాళ్ళు ఆమెకి పని తొందరగా చెయ్యమని చెప్పారు. మేమందరం తొందరగా చేస్తోందని మెచ్చుకున్నాం. ఇంట్లో అందరూ దేనికి మెచ్చుకుంటే పని అటే నడుస్తుంది. ఆమె కూతురి పురిటికని సెలవు పెట్టి వెళ్ళింది. మూడో ఆమె వచ్చింది.

ఈ మూడో ఆమెది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నలభై దాటిన మనిషి. నెమ్మది. వచ్చిన వారానికే మా ఆవిడ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "జీతమిచ్చి బొమ్మని తెచ్చుకున్నాం. అత్తయ్యగారు అన్నం తినలేక అవస్థ పడుతూంటే చేతులు కట్టుకుని చూస్తూ కూచుంటుంది" అంది.

నేను వెళ్ళి చూశాను. అమ్మ వీపువెనక దిండ్లు పెట్టి, నిటారుగా కూచోబెట్టింది. ఇడ్లీని చిన్నచిన్న ముక్కలు చేసి, అంచున్న పళ్ళెంలో పెట్టి, అమ్మ చేతికింద చిన్న దిండు వుంచింది. అమ్మ చెయ్యి వణుకుతూ పళ్ళెంలోకి వెళ్ళింది. ముక్క జారింది. మళ్ళీ వెళ్ళింది. ఆమె చేతులు కట్టుకునే వుంది గాని కళ్ళు మాత్రం అమ్మ గొంతుమీద వున్నాయి. ముద్ద దిగేదాకా రెండో ముద్ద జోలికి పోనివ్వడంలేదు. "తొందరేం లేదు మామ్మగారూ, రైలు వెళ్ళిపోదులెండి" అంటోంది. పది నిమిషాల టిఫిను నలభై నిమిషాలు పట్టింది. దుప్పటిమీద చట్నీ పడింది. రెండిడ్లీల్లో ఒకటిన్నర అమ్మ తన చేత్తో తింది. తిన్నాక అరగంటసేపు పడుకోనివ్వలేదు. పొలమారకుండానట.

మా ఆవిడకి ఆ దృశ్యం చూపించాను. ఏమీ అనలేదు. మర్నాటినించి దుప్పటిమీద ఒక పాతతువ్వాలు పరచడం మొదలుపెట్టింది. మా ఇంట్లో తీర్మానాలు ఇలాగే ఆమోదం పొందుతాయి.

అసలు కష్టం ఇక్కడుంది చూశారా! సేవలో చేసిన పని కంటికి కనపడుతుంది. చెయ్యకుండా వూరుకున్న పని కనపడదు. తను చేస్తే అరనిమిషంలో అయిపోయేదాన్ని, ఎదటి మనిషి చేసుకునేదాకా పక్కనే కాచుకుని కూచోవడం ఎంత పనో, దానికి ఏ గడిలో టిక్కు పెట్టాలో బ్యూరో పుస్తకంలో లేదు. అందుకని నా చీటీలో చివర ఒక గడి నేనే గీసుకున్నాను. "పోయిన నెల చేసుకోలేనిది ఈ నెల ఏమైనా చేసుకుంటోందా? పోయిన నెల చేసుకున్నది ఈ నెల మానేసిందా?" నెలకోసారి ఆ రెండు ప్రశ్నలకీ జవాబు రాస్తాను. జబ్బు ముదిరి అన్నీ పోయేవాళ్ళకి ఈ లెక్క వేరు. వాళ్ళకి నెప్పి లేకపోవడమే లాభం. కాని మిగిలివున్నదాన్ని కాపాడుతున్నామా అన్న ప్రశ్న వాళ్ళ విషయంలోనూ వుంటుంది.

మా మేనకోడలు 2023లో ఇంగ్లండు వెళ్ళింది. 2022లో అక్కడివాళ్ళు ఈ ఇంటిసేవ పనికి బయటి దేశాలవాళ్ళకి వీసాలు ఇవ్వడం మొదలుపెట్టారు. 2025 జూలైలో కొత్తగా బయటినించి తీసుకోవడం ఆపేశారు. ఆ మధ్యకాలంలో వెళ్ళిన మన పిల్లల్లో మా పిల్ల ఒకతె. ఎవరి అవ్వలకో, తాతలకో వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి స్నానం చేయిస్తూంటుంది. అక్కడ 2009నించీ కేర్ క్వాలిటీ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ ఈ కంపెనీలని తనిఖీ చేస్తోందట. అయిదు ప్రశ్నలు. భద్రంగా వుందా? ఫలితం వుందా? ఆప్యాయత వుందా? ఆ మనిషి అవసరాన్నిబట్టి నడుస్తోందా? నడిపించే వాళ్ళు సరిగ్గా నడిపిస్తున్నారా? చివరికి అద్భుతం, బాగుంది, మెరుగుపడాలి, చాలదు అని నాలుగు తరగతుల్లో ఒకటి వేస్తారు.

"మరి ఇంట్లోకొచ్చి చూస్తారుటే?" అన్నాను.

"ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే వస్తారు మావయ్యా. అది వాళ్ళిల్లు, ఆస్పత్రి కాదుగా! పెద్దవాళ్ళతో మాట్లాడతారు, కుటుంబంతో మాట్లాడతారు, మమ్మల్ని విడిగా అడుగుతారు. మేము రోజూ రాసింది చదువుతారు. నలభై రోజులూ 'స్నానం చేయించాను, బాగున్నారు' అని ఒకే మాట రాసివుంటే, అసలేం రాయనట్టే లెక్క" అంది.

నా గుండె నిండిపోయింది. సముద్రాలు దాటినా ఆడిటు ఆడిటే!

అయితే అక్కడా అంతా పాలూ నీళ్ళూ వేరుచేసినట్టు లేదు. పావుగంట పనికని పంపించి, స్నానం, టిఫిను, మందులు అన్నీ అయిపోవాలంటారట. అరగంటకన్నా తక్కువ సమయం ఇవ్వడం ప్రత్యేకమైన సందర్భాల్లోనే జరగాలని నైస్ అనే సంస్థ 2015లో సూచించింది. సూచన సూచనగానే వుంటుంది. గడియారం తన పని తాను చేసుకుపోతుంది. "పావుగంటలో ఆప్యాయత ఎక్కడ పెట్టమంటావు మావయ్యా?" అంది ఆ పిల్ల. జవాబు చెప్పలేకపోయాను.

ఇక అన్నింటికన్నా కష్టమైన తనిఖీ, సేవ చేయించుకునే మనిషిని అడగడం. "అమ్మా, బాగా చూసుకుంటోందా?" అంటే అమ్మ, "బంగారం నాయనా" అంటుంది. మొదటామె వున్నప్పుడూ అదే మాట. దాహంతో నాలిక పిడచగట్టుకుపోతున్నప్పుడూ అదే మాట! ఎందుకంటారా? ఆయా పక్కనే వుంటుంది. కాదంటే రాత్రి ఎవరు తిప్పుతారు? పోనీ, కాదంటే కొడుకు బెంగపెట్టుకుంటాడు. ఇంకొక మనిషిని వెతకాలి, ఖర్చు. తల్లులు ఇవన్నీ లెక్కవేసుకున్నాకే "బంగారం" అంటారు.

అందుకని పెద్దప్రశ్న మానేశాను. ఆయా లేనప్పుడు చిన్న చిన్న ప్రశ్నలు, మాటల మధ్యలో. "నిన్న నీళ్ళు వెచ్చగా వున్నాయా, చల్లబడ్డాయా? రాత్రి పిలిస్తే మొదటి పిలుపుకే లేచిందా? ఇవాళ ఏ చీర కడతానని నిన్నడిగిందా, తనే తీసిందా? కట్టుడుపళ్ళు రాత్రి తీసి కడిగిందా?" ఇలాంటివాటికి అబద్ధం చెప్పడం ఎవరికీ తోచదు. మాట పడిపోయినవాళ్ళ దగ్గరకూడా జవాబు దొరుకుతుంది. ఆయా అడుగుల చప్పుడు వినగానే మొహం గుమ్మంవేపు తిరుగుతుందా, గోడవేపు తిరుగుతుందా? చెయ్యి పట్టుకోబోతే వేళ్ళు విచ్చుకుంటాయా, ముడుచుకుంటాయా? గాజులు మోచేతివేపు ఎంతదాకా జారుతున్నాయో నెలనెలా చూడండి. తక్కెడ ఎక్కలేని మనిషికి అవే తూకం.

ఇంతలో హైదరాబాదునించి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఇవన్నీ ఎందుకు? అమ్మ గదిలో కెమెరా ఒకటి పెట్టించు. నేనిక్కడినించే చూసుకుంటూంటాను" అన్నాడు. వాడి ఆదుర్దా అబద్ధం కాదు. దూరంగా వున్నవాడికి మనసు ఊరుకోదు. ముసలివాళ్ళని కొట్టినవాళ్ళ సంగతులు పేపర్లో చదువుతూనే వున్నాం. కెమెరా వల్ల అలాంటివి బయటపడ్డ ఇళ్ళూ వున్నాయి.

కాని అమ్మకి వొళ్ళు తుడిచేది ఆ గదిలోనే. డైపరు మార్చేదీ ఆ గదిలోనే. నేను తలుపు బయట కుర్చీ వేసుకుని కూచునే గదిలోకి, కెమెరా రాత్రింబవళ్ళు కన్నార్పకుండా చూస్తూ కూచుంటుంది. సరే, అమ్మనే అడిగాను. తన గది, తన వొళ్ళు. అమ్మ కాసేపు ఆలోచించి, "నేనేమన్నా బ్యాంకుటరా?" అంది. అంతే. తీర్పు అయిపోయింది.

తమ్ముడికి ఇలా చెప్పాను. "కెమెరాకి నీళ్ళు వేడో చల్లనో తెలీదు. దాని బదులు నువ్వు నెలకోసారి చెప్పకుండా దిగు. ఇక్కడ పక్కింటి పిన్నిగారు పదకొండింటికి ఒకరోజు, సాయంత్రం నాలుగింటికి ఒకరోజు, అమ్మతో కబుర్లకని వస్తూంటుంది. వేళలు ముందుగా ఎవరికీ చెప్పదు." దీన్ని మా శాఖలో ఆకస్మిక తనిఖీ అనేవాళ్ళు. పిన్నిగారు మాత్రం పేరంటం అంటుంది. కేరళలో కోళికోడ్‌లో 1993లో ఒక చిన్న సంఘంగా మొదలైన పాలియేటివ్ సేవ, ఊళ్ళో మనుషులే ఇళ్ళకి వెళ్ళి మంచంలో వున్నవాళ్ళని పలకరించే దాకా పెరిగింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దానికి ఒక విధానమే ప్రకటించింది. పదిమంది మసలే ఇంట్లో పాడు జరగడం కష్టం. తలుపు మూసివున్న ఇంట్లోనే ఏదైనా జరుగుతుంది.

ఇంకో సొరుగు వుంది. దాన్ని ఎవరూ తెరవరు. తనిఖీ చేసేవాణ్ణి తనిఖీ చేసే సొరుగు. రాత్రి రెండుగంటలకోసారి పక్క తిప్పాలని నియమం పెట్టుకున్నాం. పగలంతా పనిచేసిన మనిషే రాత్రి కూడా రెండుగంటలకోసారి లేస్తే, ఆ మనిషి ఎప్పుడు పడుకోవాలి? ఇరవైనాలుగు గంటల ఆయా అని బ్యూరోవాళ్ళు అమ్ముతున్నారు, మనం కొంటున్నాం. దేవుడు మనిషికి కొలిచి ఇచ్చిందే ఇరవైనాలుగు గంటలు! మేము లెక్క వేసుకుని, రాత్రి పదినించీ రెండుదాకా నేను మేలుకునే ఏర్పాటు చేసుకున్నాం. నాకెలాగూ నిద్ర పట్టదు. తిప్పడానికి నా నడుం సహకరించదు గనక, అమ్మ కింద పరిచిన దుప్పటి పట్టుకుని మా ఆవిడా నేనూ కలిసి తిప్పుతాం. మధ్యాహ్నం రెండుగంటలు ఆయా గది తలుపు ఎవరూ కొట్టకూడదు. ఆదివారం సగంపూట సెలవు. ఆమె మనతోపాటే వేడి అన్నం తింటోందా, మిగిలింది తింటోందా? ఆమెకి కాళ్ళు చాపుకోడానికి చోటుందా? ఇవీ అమ్మ వొంటిమీద తేలే లెక్కలే. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం తిండి, బట్ట, ఇల్లు, వైద్యం అని లెక్కపెట్టింది. మంచిదే. అర్ధరాత్రి ఏ చెయ్యి ఎంత మెత్తగా పడుతుందో మాత్రం ఏ చట్టమూ రాయలేదు.

ఆ డొనబేడియన్ మహాశయుడు జీవితమంతా నాణ్యతకి కొలతలు రాసి, 2000లో పోయేముందు ఒక ముఖాముఖీలో, దాని రహస్యమంతా చివరికి ప్రేమలోనే వుందన్న అర్థం వచ్చేట్టు చెప్పాడట. అప్పటికి ఆయనా రోగే. నేను ఆడిటరుని. ప్రేమకి వోచరు వుండదు. కాని అది నడిచిన చోట అడుగుజాడలుంటాయి. మోచేత్తో చూసిన నీళ్ళు, వేసిన తలుపు, దిగేదాకా ఆగిన ముద్ద. వాటిని లెక్కపెట్టవచ్చు.

మొన్న బ్యూరోనించి ఫోన్ వచ్చింది. ఒక అమ్మాయి గడగడా ఏదో చదివి, "సార్, మా కేర్‌టేకరు సర్వీసుకి అయిదు నక్షత్రాల్లో ఎన్నిస్తారు?" అంది. సేవ చేయించుకుంటున్నది నేను కాదు గనక, ఫోన్ అమ్మ చెవి దగ్గర పెట్టి, "అమ్మా, నక్షత్రాలు అడుగుతున్నారే" అన్నాను.

అమ్మ వణికే చేత్తో ఫోన్ తనే పట్టుకుంది. "దానిదా? రోహిణి. మూడో పాదం. వచ్చే గురువారమే పుట్టినరోజు. మా కోడలిచేత పాయసం వండిస్తున్నాను" అంది.

అవతలి అమ్మాయి ఆ జవాబుని ఏ గడిలో వేసుకుందో నాకు తెలీదు.